ఆవిడ చూసుకుంటుంది

“అమ్మా, ఒక్కసారి ఇది చూసిపెట్టవూ?” అని గురువుగారు నా కుర్చీ వెనక నిలబడి అడిగినప్పుడల్లా నాకు గబుక్కున లేచి నిలబడాలనిపించేది. గౌరవంతో కాదు, పారిపోవడానికి. ఆయన మా టీమ్ లీడరు. పేరు వేరే ఉన్నా ఆఫీసంతా గురువుగారనే అంటారు. ఒక్కసారి అంటే ఆయన లెక్కలో రెండు గంటలు. మా కంపెనీ మందులు నిలవచేసే పెద్ద పెద్ద చల్లటి గదులకి కంట్రోల్ పెట్టెలు తయారుచేస్తుంది. గది చల్లదనాన్ని కనిపెట్టుకుని ఉండి, తేడా వస్తే గోల చెయ్యడం ఆ పెట్టె పని. దాని లోపల, అన్నిటికన్నా అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించేదాన్ని కెర్నెల్ అంటారు. నా ఉద్యోగం ఆ అడుగున. అక్కడ నడిచే ఒక్కో పనిని థ్రెడ్ అంటారు, ప్రతి థ్రెడ్‌కీ టాస్క్ అని ఒక చీటీ ఉంటుంది. ఆ చీటీతో అవసరం పడ్డవాళ్ళు ముందు “నేను పట్టుకున్నాను” అని దానిమీద అంకె పెంచాలి, అవసరం తీరాక తగ్గించాలి. అంకె సున్నాకి వస్తే కెర్నెల్ ఆ చీటీ చించేసి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. తగ్గించడం మరిచిపోతే చీటీలు పేరుకుపోతాయి. పట్టుకోకుండా వాడితే చించేసిన చీటీని చదువుతాం, పెట్టె కుప్పకూలుతుంది. ప్రోగ్రాములు పాత భాషలో రాసేటప్పుడు ఇదంతా ఎవరో ఒక మనిషి గుర్తుపెట్టుకోవాల్సిందే. తొమ్మిదేళ్ళుగా మా టీమ్‌లో ఆ మనిషిని నేను. నా కళ్ళు పడకుండా ఒక్క లైను కూడా బయటికి పోదు కాబట్టి నాకు చెక్‌పోస్టు అని పేరు పెట్టారు. చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా ఆగుతారు గానీ, చెక్‌పోస్టుని పట్టించుకునేవాళ్ళెవరు?

ఇంట్లోనూ నాది అదే కొలువు. మా ఆయన లెక్చరరు. కాలేజీలో రెండు వందలమంది పిల్లల్ని పేరుపెట్టి పిలవగలడు, ఇంట్లో తన బనీన్లు ఏ అరలో ఉంటాయో మాత్రం చెప్పలేడు. “నీకు గుర్తుంటుంది, నాకుండదు” అంటాడు, అదేదో పుట్టుకతో వచ్చిన కంటిరంగు అయినట్టు. అత్తయ్య నా జ్ఞాపకశక్తి గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతుంది. “మా కోడలికి ఒక్కసారి చెప్తే చాలు, రాతిమీద చెక్కినట్టే.” నిజమే. అత్తయ్య బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో, పాప స్కూల్లో ఏ రోజు తెల్ల బూట్లో, ఏ రోజు నల్లవో, వాటర్ ఫిల్టరు ఎప్పుడు మార్చాలో, ఆయన పన్ను పీకించుకోవడానికి ఏ తేదీ ఇచ్చారో, అన్నీ నా తలలోనే. వంటా, అంట్లూ కళ్ళకి కనిపిస్తాయి కాబట్టి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు జాలిపడతారు. గుర్తుపెట్టుకోవడం కనపడదు. బస్సులో కిటికీ పక్కన ఊరికే కూర్చున్నట్టుంటాను, లోపల మాత్రం పది పనులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఒకసారి అలసిపోయానంటే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, “ఇవాళ ఏం చేశావని?” అన్నాడు. ఆ ముక్కకి నాకు వారం రోజులు కోపం తగ్గలేదు, ఎందుకు కోపమో ఆయనకి తెలియనూలేదు.

కిందటేడు కొత్త పెట్టెని కొత్త భాషలో రాయొచ్చని పైవాళ్ళు ఒప్పుకున్నారు. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు ఈ భాషలో పరమ గయ్యాళి. చీటీ పట్టుకోకుండా వాడబోతే, ఎవరు రాసినా సరే, కుదరదని మొహంమీదే చెప్తుంది. మర్యాదలూ సీనియారిటీలూ దానికి పట్టవు. నాకు ఆ గయ్యాళితనం మొదటిరోజే నచ్చింది. కాకపోతే దానికి మా కెర్నెల్ సంగతులు తెలియవు. టాస్కులకీ థ్రెడ్లకీ చుట్టూ ఒక తొడుగు రాసి, ఏది చెయ్యొచ్చో, ఏది చెయ్యకూడదో ఆ తొడుగులోనే పెట్టాలి. ఆ పని నేను తీసుకున్నాను. ఆర్నెల్లు పట్టింది. తొడుగు వాడేవాళ్ళు అంకె పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు, అది తనంతట తానే చేసుకుంటుంది. తప్పుగా రాస్తే పెట్టెదాకా రానేరాదు. ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆ మాట మొదటిసారి మనసులో అనుకున్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, కోడ్ చూసి ఏడిచే మనిషిని నేనొక్కదాన్నేనేమో అని సిగ్గుపడ్డాను కూడా.

“తొడుగే కదమ్మా, లోపలి సరుకంతా మనదేగా” అన్నారు గురువుగారు అందరిముందూ. “ఇలాంటివి ఆడవాళ్ళే చెయ్యాలి. ఓపిక కావాలి.” నేను నవ్వాను. నవ్వినందుకు ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను.

చిక్కు ఆయన కోడ్‌తోనే వచ్చింది. చల్లదనం కొలిచే భాగాన్ని ఆరేళ్ళ కిందట పాత భాషలో రాసింది ఆయనే, మా కంపెనీని నిలబెట్టింది ఆ ముక్కే అంటారు. దాన్నే ఇప్పుడు కొత్త భాషలోకి దించి, నా తొడుగు తగిలిస్తే, కంపైలరు ఒక లైను దగ్గర ఆగిపోయి ఈ టాస్క్‌ని ఇంకో థ్రెడ్‌కి పంపడానికి వీల్లేదంది. కెర్నెల్‌లో ఇప్పుడు నడుస్తున్న పని తన సొంత చీటీని చూసుకోవడానికి అంకె పెంచక్కర్లేదు. తను బతికున్నంతసేపూ చీటీ ఉంటుంది. గురువుగారు ఆ పెంచని చీటీనే ఇంకో థ్రెడ్ చేతికిచ్చి, తర్వాత ఆ పనిని నిద్రలేపమని చెప్పారు. తర్వాత అనేసరికి ఆ పని బతికే ఉంటుందని ఎవరు చెప్పగలరు? “ఆరేళ్ళుగా నడుస్తున్న కోడ్ కదమ్మా ఇది” అన్నారాయన. “తప్పు నీ తొడుగులో ఉంది. నా కోసం ఒక దొడ్డిదారి పెట్టు, షరతులేమీ లేకుండా నేరుగా చీటీ ఇచ్చేలాగా.” పెట్టనన్నాను. మర్నాడు ఆయన డైరెక్టరుగారికి మెయిల్ పెట్టారు. తొడుగులో దొడ్డిదారి ఉండాలి, దాన్ని వాడే కోడ్ అంతా ఇకమీదట శాశ్వతంగా నాచేతే చూసిపెట్టించాలి, నాకైతే బాగా అలవాటు కూడా అని. కొత్త కెర్నెల్ పనికి యజమానిగా ఎవరి పేరు రాయాలో గురువారం పొద్దున మీటింగులో తేలుస్తామని డైరెక్టరుగారు జవాబిచ్చారు. ఆ పేరున్నవాళ్ళు ఇక ఎవరి కోడూ చూసిపెట్టక్కర్లేదు, తమ పని తాము చేసుకోవచ్చు. దొడ్డిదారి ఒప్పుకుంటే ఆ పేరు గురువుగారిది, చెక్‌పోస్టు ఉద్యోగం రిటైరయ్యేదాకా నాది.

ఇంట్లో చెప్తే మా ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ, “అడిగింది ఇచ్చెయ్యొచ్చుగా! ఎలాగూ నువ్వు చూస్తావు కదా” అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. అదే నన్ను భయపెట్టింది. నా మంచి కోరేవాళ్ళూ, కోరనివాళ్ళూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట అంటున్నారంటే, ఆ మాట నా గురించి లోకం ఏనాడో రాసిపెట్టేసుకుందన్నమాట. ఎదురు చెప్పకుండా నా సంచి సర్దుకుని ఆఫీసుకి బయల్దేరాను. అది గురువారం.

మీటింగు గదిలో డైరెక్టరుగారు, గురువుగారు, నేను, టెస్టింగు చేసే అమ్మాయి. బల్లమీద పాత పెట్టె ఒకటి, కొత్తది ఒకటి. గురువుగారు పావుగంట మాట్లాడారు. ఆయన గొంతు బాగుంటుంది, ఏం చెప్పినా నిజంలాగే వినిపిస్తుంది. డైరెక్టరుగారు తలూపుతూ నావైపు తిరిగి, “మీకేం అభ్యంతరం?” అన్నారు.

“అభ్యంతరమేం లేదండీ. ఆ దొడ్డిదారి ఇప్పుడే, ఇక్కడే రాసేద్దాం” అన్నాను. గురువుగారు నమ్మలేనట్టు చూసి చిరునవ్వు నవ్వారు. నా కంప్యూటరు తెరని ప్రొజెక్టరుతో గోడమీద వేసి, ఆ లైను టైపు చేశాను. “అయితే ఈ పనిలో మాకొక పద్ధతుంది. ఇలాంటి ప్రమాదకరమైన ప్రతి లైను పైనా, ఇది ఎందుకు ప్రమాదం కాదో కారణం రాయాలి. నేను రాసిన నలభై చోట్లా రాశాను. గురువుగారూ, దీనికి మీరు చెప్పండి, నేను రాస్తాను.”

“దానికేముంది? వాడేవాళ్ళు జాగ్రత్తగా ఉంటారని రాయి.”

రాశాను. “ఎవరు వాడేవాళ్ళు?”

“మన టీమే కదా.”

“టీమ్‌లో ఎవరు?”

ఆయన బల్లచుట్టూ చూశారు. టెస్టింగు అమ్మాయి ఉండబట్టలేక, “మేడమేనండీ. అందరి కోడూ మేడమే కదా చూస్తారు” అంది. ఆ పిల్లకి అందులో తప్పేమీ కనపడలేదు.

“అంతే కదా!” అన్నారు గురువుగారు ఊపిరి పీల్చుకుని. “ఆవిడ చూసుకుంటుంది.”

ఆ మాట కూడా గోడమీద, అందరూ చదివేలా టైపు చేశాను. ‘కారణం: ఆవిడ చూసుకుంటుంది.’ పెళ్ళయిన నాటినుంచీ, పన్నెండేళ్ళుగా వింటున్న మాటని అక్షరాల్లో చూడటం నాకు అదే మొదటిసారి. చూస్తూ ఉంటే ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

“మనిషిని కారణంగా రాయకూడదండీ. నాకు జ్వరం వస్తుంది. నేను సెలవు పెడతాను. నేనూ మరిచిపోతాను. ఈ లైను ఆరేళ్ళ కిందట నా కళ్ళముందునుంచే పోయింది, నేను పట్టుకోలేదు. చూడండి.”

ముందురోజే చెప్పి ఉంచాను కాబట్టి, నేను సైగ చేస్తే టెస్టింగు అమ్మాయి పాత పెట్టెలో ఆ రెండో థ్రెడ్‌ని రెండు క్షణాలు ఆలస్యంగా నడిచేలా చేసి, ఈలోపల మొదటి పనిని ఆపేసింది. రెండు క్షణాలు గడిచాయి. పెట్టె తెర నల్లబడింది. మళ్ళీ వెలిగించి మళ్ళీ చేసింది, మళ్ళీ నల్లబడింది. మూడోసారి డైరెక్టరుగారే లేచొచ్చి తన చేత్తో నొక్కారు. తర్వాత ఆ అమ్మాయి ఊళ్ళనుంచి వచ్చిన ఫిర్యాదుల కాగితం తీసి చదివింది. ఉన్నట్టుండి పెట్టె ఆగిపోయింది, ఉన్నట్టుండి పెట్టె ఆగిపోయింది, పదిహేడుసార్లు. పదిహేడింటికీ పక్కన గురువుగారి చేతిరాతలో ఒకటే జవాబు, కరెంటు సమస్య. ఆ గదుల్లో ఉన్నది మందులని ఎవరూ పైకి అనలేదు, అందరం అనుకున్నాం. నేను కొత్త పెట్టెలో రెండు లైన్లు మార్చి, చీటీని సరిగ్గా పట్టుకుని పంపేలా చేశాను. కంపైలరు కిక్కురుమనలేదు. ఆ అమ్మాయి అదే పరీక్షని యాభైసార్లు నడిపింది. యాభైసార్లూ పెట్టె చక్కగా వెలుగుతూనే ఉంది.

గురువుగారు గోడవైపు చూసి, “అది తీసెయ్యమ్మా” అన్నారు మెల్లిగా. అది అంటే దొడ్డిదారో, పైన రాసిన కారణమో నేను అడగలేదు, రెండూ చెరిపేశాను. డైరెక్టరుగారు యజమాని అన్న చోట నా పేరు నాచేతే టైపు చేయించారు. వచ్చే సోమవారం నుంచి ఐదు రోజులు హెడ్డాఫీసుకి వెళ్ళి మిగతా టీముల్లోని వాళ్ళందరికీ ఈ తొడుగు నేర్పాలన్నారు. ఇలాంటి ప్రయాణాలు వచ్చినప్పుడల్లా “ఇంట్లో అడిగి చెప్తాను” అనేదాన్ని. ఇప్పుడు “వెళ్తాను” అన్నాను. బయటికొచ్చాక మెట్లమీద నిలబడి ఒక్కదాన్నే పకపకా నవ్వాను. సంతోషం అంతగా వచ్చి ఎన్నేళ్ళయిందో. మెట్లెక్కి వస్తున్న కాపలాదారు ఏమైందమ్మా అన్నాడు. గెలిచానన్నాను. ఏమి గెలిచానో అడగకుండా తనూ నవ్వాడు.

సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను. పాప చప్పట్లు కొట్టింది. మా ఆయన కూడా సంతోషించాడు, కాదనను. “అబ్బో, పెద్ద మనిషివైపోయావే!” అని వీపు తట్టి, రెండు ముద్దలు తిని, అప్పుడు గుర్తొచ్చినట్టు, “ఐదు రోజులా?” అన్నాడు. “సరేలే. కిందటిసారి రెండు రోజులు వెళ్ళినప్పుడు ఫ్రిజ్జుమీద మూడు పేజీలు అంటించి వెళ్ళావు చూడు, అలాగే ఈసారీ లిస్టు రాసిపెట్టి వెళ్ళు. ఏది ఎక్కడుందో, ఏది ఎప్పుడు చెయ్యాలో అంతా.”

ఆ మూడు పేజీలు రాయడానికి నాకు ప్రయాణంకన్నా ఎక్కువ అలసటైంది. చివరి పేజీలో, ఉప్పు డబ్బా ఎడమవైపు రెండోదని కూడా రాశాను. అప్పుడు అది ప్రేమ అనుకున్నాను. కొంత ప్రేమే. మిగతాదంతా భయం. నేను లేకపోతే ఏదైనా జరిగితే అది నా తప్పే అవుతుందన్న భయం. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

“రాయను” అన్నాను.

“అదేంటి? మరి అమ్మ మాత్రలు, పాప బూట్లు, అవన్నీ నాకెలా తెలుస్తాయి?” నిజంగా అడుగుతున్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు.

“పన్నెండేళ్ళ కిందట నేనీ ఇంట్లోకి వచ్చినప్పుడు నాకెవరు రాసిచ్చారు? కళ్ళు తెరిచి చూశాను. తెలియనివి అడిగాను. రెండుసార్లు తప్పు చేసి తిట్లు తిన్నాను. అలా తెలిసింది.”

ఆయన తల్లివైపు చూశాడు, ఎప్పటిలా ఆవిడ తన పక్షాన ఏదో ఒకటి అంటుందని. అత్తయ్య మజ్జిగ గ్లాసు బల్లమీద పెట్టి, కొడుకువైపు తిరిగింది.

“నాకూ ఎవరూ రాసివ్వలేదురా” అంది.