బస్సుకు అడ్డం

హిందూపురం పక్కనున్న బట్టల ఫ్యాక్టరీలో మరియమ్మ పదకొండేళ్లుగా చొక్కాలకు కాలర్లు కుడుతోంది. పాత జీతాల ఒప్పందం గడువు తీరిపోయింది. కొత్త ఒప్పందం కోసం యూనియన్ తరఫున మాట్లాడిన ఐదుగురిలో ఆమె ఒకతె. మూడోసారి చర్చలు జరిగిన మర్నాడు షిఫ్టుకు వచ్చేసరికి గేటుకు తాళం, పక్కనే లాకౌట్ నోటీసు. యూనియన్ వదిలేస్తున్నామని సంతకం పెట్టినవాళ్లకే లోపలికి దారి అన్నారు. నాలుగు వందల మందిలో అరవైమంది పెట్టారు. మిగిలినవాళ్లు గేటు ఎదుట టార్పాలిన్ కింద కూర్చున్నారు.

పంతొమ్మిదో రోజు పొద్దున ముదిగుబ్బ నుంచి కొత్తవాళ్లతో కంపెనీ బస్సు వచ్చింది. మరియమ్మ పరుగున వెళ్లి అడ్డంగా నిలబడింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సు ఆమెకు జానెడు దూరంలో ఆగింది.

"పెద్దమ్మా!"

కిటికీలో పవిత్ర. చెల్లెలు జయమ్మ కూతురు. జయమ్మ నడుము పడిపోయి మంచం పట్టినప్పటి నుంచి ఆ ఇంటికి ఈ పిల్లే ఆధారం.

"ఈడికెందుకొచ్చినావే?"

"కొత్త ఫ్యాక్టరీ, ట్రైనింగ్ ఇస్తామన్నారు. యాడని చెప్పలేదు పెద్దమ్మా."

మేనేజర్ రవికుమార్ బయటికొచ్చాడు. గొంతు తగ్గించి అన్నాడు: "మరియమ్మా, ఆ పిల్లకు పర్మనెంటు చేయిస్తా. నువ్వు పక్కకు జరుగు, సాలు. లేదంటే నీ ఉద్యోగం కూడా ఉండదు."

మరియమ్మ కిటికీ వైపు తిరిగింది. జరిగితే చెల్లెలి ఇల్లు నిలబడుతుంది. వెనక మూడు వందల మంది తననే చూస్తున్నారు.

"పవిత్రా, మమ్మల్ని బయటికి తోసి, మా మిషన్ల మీద మిమ్మల్ని కూర్చోబెడతాండారు. దిగమని నేను చెప్పను. మీ ఇంటి సంగతి నాకు తెలుసు. నువ్వే తేల్చుకో."

పవిత్ర తల లోపలికి తీసుకుంది. కాసేపటికి బ్యాగు చంకన పెట్టుకుని దిగింది. ఆమె వెనక ఒక్కొక్కరుగా ఇరవైమంది దిగారు. గేటు దగ్గర కాపలా ఉన్న పోలీసులు మరియమ్మను రెక్కపట్టి పక్కకు లాగాక, సగం ఖాళీ బస్సు లోపలికి పోయింది.

నాలుగు రోజుల తర్వాత పెనుకొండలో కార్మిక శాఖ అధికారుల ముందు చర్చలు జరిగాయి. సంతకాల షరతు ఎత్తేసి కంపెనీ గేటు తెరిచింది. పిలిచిన పేర్లలో మరియమ్మ పేరు లేదు. బస్సుకు అడ్డం నిలబడినందుకు విచారణ, అది తేలేదాకా సస్పెన్షన్ అన్నారు.

యూనియన్ కార్యదర్శి దేవప్ప గేటు దగ్గరే ఆగిపోయాడు. "నువ్వు లేకుండా మేం పోమక్కా."

"పోండప్పా. లోపలుంటేనే కదా నా కోసం అడిగేది!"

అందరూ వెళ్లాక ఆమె ధర్మవరం మీదుగా ముదిగుబ్బ పోయే బస్సెక్కింది. పవిత్ర బస్సు దిగిన రోజు నుంచి జయమ్మ ఫోను ఎత్తడం లేదు. పిల్ల ఉద్యోగం ఎందుకు పోయిందో ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలో మాత్రం ఆమెకు ఇంకా తోచలేదు.