ఒక దినం కలుపుకు బదులు

గిరి మీద నాకు మొదటినుంచీ మంటే. హైదరాబాదు నుంచి ఊడిపడి, నల్గొండ ఆసుపత్రిలో నేను కూర్చునే గది కంప్యూటర్లో తన కొత్త ప్రోగ్రాం పెట్టి, "ఇక మీకు శ్రమ తగ్గుతుంది మేడం" అన్నాడు. రొమ్ము ఎక్స్‌రేలు, అదే మామోగ్రాంలు, చూసీ చూసీ కళ్లద్దాలు లావెక్కిన దాన్ని నేను. నా శ్రమ సంగతి ఇతనికెందుకు? అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ ప్రోగ్రాం ఒక మంచి పని చేసేది. ఊళ్లు తిరిగే మా వ్యాను నుంచి చిత్రాలు రాగానే, అదే మనిషికి పోయినేడు తీసిన చిత్రాన్ని వెతికి తెచ్చి పక్కన పెట్టేది. కొత్తగా ఏదైనా కనబడితే దాని చుట్టూ ఎర్రగీత గీసేది. ఆ తర్వాత చూసి చెప్పాల్సింది నేనే.

ఒకరోజు రామన్నపేట దగ్గరి ఊరి నుంచి లక్ష్మీనర్సమ్మ అనే ఆవిడ చిత్రం వచ్చింది. ఎడమ రొమ్ములో బాగా లోపలికి, ఎర్రగీత మధ్య, చిన్న తెల్లటి మచ్చ. అంచులు పల్లేరుకాయలా ముళ్లుముళ్లుగా ఉన్నాయి. అలాంటి అంచులు చూస్తే నాకు గుండెలో రాయి పడుతుంది. హాని చేయని గడ్డలకు సాధారణంగా అంచు నున్నగా ఉంటుంది. పోయినేటి చిత్రం చూస్తే ఆ మచ్చ లేదు. సరే, కొత్తదనుకున్నాను. కానీ ఆ పాత చిత్రంలో, కుడి రొమ్ములో, జొన్నపేలం లాంటి సున్నపు గడ్డ ఒకటి ఉంది. ఎన్నో ఏళ్ల కిందట పుట్టి గట్టిపడిపోయింది, దానితో ఏ బాధా లేదు. ఈ ఏటి చిత్రంలో ఆ పేలం మాయం.

నాకు తిక్కరేగింది. ముళ్ల మచ్చ కొత్తగా రావచ్చు. గట్టిపడ్డ పేలం లేచి బస్సెక్కి పోతుందా? గిరికి ఫోన్ చేసి, "నీ ప్రోగ్రాంకు కళ్లు కనబడ్డం లేదు, ఒకరి పక్కన ఇంకొకరిని పెడుతోంది" అని దులిపేశాను. పాపం అతను అంతా వెతికి, పేరూ నంబరూ అన్నీ ఒకటేనన్నాడు. "ప్రోగ్రాం తప్పేం లేదు మేడం. మనిషే మారిందేమో చూడండి" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మనిషే మారితే ఈ పల్లేరుకాయ ఎవరిది? ఒళ్లో ఏముందో తెలియని ఒక ఆడమనిషి ఎక్కడో హాయిగా తిరుగుతోంది. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

లక్ష్మీనర్సమ్మను పిలిపించి మళ్లీ చిత్రం తీయించాను. కుడివైపు పేలం ఎక్కడిదక్కడే ఉంది. ఎడమవైపు మచ్చా లేదు, మన్నూ లేదు.

"నీకేం లేదు గని, మొన్న వ్యాను కాడికి నువ్వే వచ్చినవా?" అని అడిగాను.

"నేనే వచ్చిన మేడం. నేను గాక ఇంకెవరొస్తరు?" అంది. వ్యానులో చిత్రాలు తీసే మా జబీన్ కొత్త పిల్ల. ఈమె ముఖం అంతకుముందు ఎరగదు. అది లక్ష్మీనర్సమ్మకూ తెలుసు. "ఏం లేదంటిరి గద. మబ్బు పట్టింది, జర జల్ది పోత" అని కొంగు దులుపుకుని లేచింది.

"కూసో. ఆపరేషన్ కాకుండ యాడికి పోతవ్?"

"ఏం లేదంటిరి?"

"నీకు లేదు. నీ పేరుకు ఉన్నది. దవాఖాన పని కాగితం మీద నడుస్తది. కాగితంల ఎవరి పేరుంటే వాళ్లనే కోస్తం."

ఇది పచ్చి అబద్ధం. చెప్పేటప్పుడు నా ముఖం మాత్రం బండరాయిలా పెట్టుకున్నాను. లేచిన లక్ష్మీనర్సమ్మ మళ్లీ కూలబడింది.

"గిదేం న్యాయం మేడం? ఫోటో దిగింది కృష్ణమ్మ, కోత నాకా?" అని, వెంటనే నాలుక కరుచుకుంది.

తర్వాత సంగతంతా తీగ లాగినట్టు వచ్చింది. మా దిక్కు కలుపు తీసే ఆడవాళ్లు బదులు పోతారు. ఈరోజు నువ్వు నా చేనుకొస్తే, రేపు నేను నీ చేనుకొస్తాను. పైసల మాటే ఉండదు. లక్ష్మీనర్సమ్మ పోయినేడు ఎక్స్‌రే దిగినప్పుడు రొమ్మును నొక్కిపట్టే పలకల మధ్య నొప్పి పుట్టింది. పైగా మళ్లీ ఏడు తప్పకుండా రావాలని నేనే చెప్పాను. ఏదో ఉంది గనకనే రమ్మంటున్నారని ఆమెకు భయం పట్టుకుంది. ఆశా కార్యకర్త చూస్తే గడప వదలడం లేదు. అందుకని పక్కచేను కృష్ణమ్మతో బేరం పెట్టుకుంది. నా బదులు నువ్వు ఎక్స్‌రేకు పో, నీ పత్తిచేన్ల ఒక దినం కలుపు తీస్తానంది.

"కృష్ణమ్మ ఉక్కు లెక్క ఉంటది మేడం. ఆమె ఫోటో అయితే సాఫ్ వస్తది, నన్ను మల్ల పిలువరు అనుకున్న" అంది.

లాగి ఒక్కటి ఇవ్వాలనిపించింది, అంతలోనే నవ్వూ వచ్చింది. రెండూ మింగి, కృష్ణమ్మను తెల్లారేసరికి తోల్కరమ్మని పంపించాను.

కృష్ణమ్మ వచ్చింది. సన్నటి మనిషి, చేతులు మాత్రం గట్టివి. ఊరికి వ్యాను ఎప్పుడొచ్చినా "నాకేం రోగం" అని తప్పించుకునేదట. మళ్లీ తీస్తే పల్లేరుకాయ అక్కడే ఉంది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాం. క్యాన్సరే.

ఫలితం చెప్పే రోజు ఇద్దరూ కలిసే వచ్చారు. లక్ష్మీనర్సమ్మను కడిగేయాలని పెద్ద ఉపన్యాసమే సిద్ధం చేసుకున్నాను. ముందు కృష్ణమ్మకు నెమ్మదిగా చెప్పాను. గడ్డ చిన్నదనీ, ఇప్పుడే తీసేస్తే నయమయ్యే ఆశ బాగా ఉందనీ అన్నాను.

కృష్ణమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "నేను గా దినం పోకపోతే మేడం?"

"తెల్వకపోతుండె. చేతికి తగిలేదాక పెరుగుతుండె."

కృష్ణమ్మ లక్ష్మీనర్సమ్మ వైపు తిరిగింది. "గట్లయితే మన లెక్క తప్పిందే. నీ బదులు పోయిన అనుకున్న గని, నా పని మీదనే పోయిన్నట. నువ్వు నా పత్తిల ఉత్తగనే కలుపు తీసినవ్. నీకు నేనే ఒక దినం బాకి."

"నీ నోరు పడిపోను, ఊకోవే" అని లక్ష్మీనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భోరున ఏడ్చింది. నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది.

అప్పటిదాకా గట్టిగా ఉన్న కృష్ణమ్మ అప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నాకు భయమైతాంది మేడం. గా ఒక్క దినం బాకి తీర్చేదాక నన్ను బతికియ్యి."

"ముందుగాల ఆపరేషన్ కానియ్యి, బాకీల సంగతి తర్వాత" అని గదమాయించాను. గదమాయించకపోతే నేనూ ఏడ్చేదాన్ని.

ఆపరేషన్ అయింది. చంకలోకి పాకలేదు. క్యాన్సర్ మందులకు జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. వానకాలం తిరిగొచ్చాక ఒక సాయంత్రం ఫోన్ మోగింది.

"కృష్ణమ్మను మేడం. ఇయ్యాల లక్ష్మీనర్సమ్మ చేన్ల కలుపు తీసిన. చెయ్యి జర గుంజింది గని, బాకి తీరింది. ఇగ నా ఫికర్ లేదు, బతికిచ్చుడు నీ ఇష్టం."

నేను ఏదో అనబోయేలోగా ఫోన్ చేతులు మారింది. "ఆమె మాట నమ్మకుండ్రి మేడం" అంది లక్ష్మీనర్సమ్మ. "సగం సాళ్లు ఇడిచిపెట్టింది. యాడ గడ్డి ఆడనే ఉన్నది. గిది కలుపు తీసుడా? బాకి తీర్లే."

"ఒక్క పరక చూపియ్యే" అని వెనక నుంచి కృష్ణమ్మ కొట్లాటకు దిగింది. "చేనంత చీపురు పెట్టి ఊడ్చినట్టు తీస్తి గదనే."

"తీర్లేదంటే తీర్లే" అంటున్న లక్ష్మీనర్సమ్మ గొంతు బొంగురుపోయింది.

ఆ చేను నేను చూడలేదు. అయినా ఫోన్ కృష్ణమ్మకు ఇమ్మని, బాకీ తీరలేదని తీర్పు చెప్పాను.