స్కానింగులో నల్ల మచ్చ

నవనీతకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పుడప్పుడు ఫిట్స్ కూడా. తల్లి భూమవ్వ ఆమెను చెన్నూరు నుంచి కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చింది. అక్కడ పరిశోధన చేస్తున్న డాక్టర్ మమతారాణి, కొత్త నరాలుగా ఎదిగే మూలకణాలను నెల కిందట పిల్ల మెదడులోకి ఎక్కించింది. అవి దెబ్బతిన్న చోటికి కదులుతున్నాయో లేదో ఇవాళ స్కానింగులో తేలాలి.

తేలింది వేరే.

"అవ్వా, నెత్తి ఎనుక దిక్కు పెద్ద నల్ల మచ్చ కనబడ్డది. నెత్తురు కారిందేమో. తల తెరిచి చూడాల్సి వస్తదేమో," అంది మమతారాణి.

భూమవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "నల్లగ ఎందుకైతది బిడ్డా?"

"నెత్తురు గట్లనే కనబడ్తది. కణాలు సుత నల్లగనే కనబడ్తయి, ఆనవాలు కోసం వాటికి సన్నటి ఇనుప రజను పట్టించినం. కానీ గవి గంత దూరం పోవు."

ఇనుము మాట చెవిన పడగానే భూమవ్వ గుండె గుభేలుమంది. ఫిట్స్ వచ్చే మనిషి దగ్గర ఇనుము ఉండాలని వాళ్ల వాడకట్టంతా నమ్ముతుంది. ఆసుపత్రివాళ్లు నగలు, పిన్నులు తీయమంటే పిల్ల కాళ్ల పట్టీలతో సహా తీసింది. ఇనుప వస్తువులేమన్నా ఉన్నాయా అని అడిగితే మాత్రం లేవంది ఈ మహాతల్లి! చెబితే తీసేస్తారని భయం.

ఇప్పుడు చెబితే వైద్యమే ఆపేసి ఇంటికి పొమ్మంటారేమో. చెప్పకపోతే పిల్ల తల కోస్తారు. ఇంక ఆలోచనేముంది?

"తప్పయింది బిడ్డా. దాని జడల ఇనుప ముక్క ఉన్నది. నల్ల దారం చుట్టి నేనే కట్టిన."

మమతారాణి ఆమెను దులిపేసింది. "ఆ మిషను పెద్ద అయస్కాంతమవ్వా! ముక్క ఊడొచ్చి పిల్ల కంట్ల గుచ్చుకుంటే?" భూమవ్వ తలొంచుకుని అన్నీ పడింది.

జడ విప్పి, ముక్క తీసి, మళ్లీ స్కానింగు చేశారు. మమతారాణి దాదాపు పరుగున బయటికొచ్చింది.

"మచ్చ పోయిందవ్వా! నెత్తురు లేదు, ఏం లేదు. కణాలు పెట్టిన కాడికెల్లి దెబ్బతిన్న దిక్కు సన్నటి గీత కనబడ్తుంది. అవి నడుస్తున్నయి."

"అంటే తల కొయ్యరా?"

"కొయ్యం."

భూమవ్వ అక్కడే నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఎవరో పోయారనుకుని వరండాలో జనమంతా మూగారు. మమతారాణి తన కళ్లు తుడుచుకుంటూనే, పోయినోళ్లు ఎవరూ లేరని అందరికీ చెప్పుకోవాల్సి వచ్చింది.