సువార్తమ్మ పాటించిన అంటు

మా అమ్మ సువార్తమ్మ పోయిన తర్వాత చర్చి ముందు పందిరి వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. లేచి మాట్లాడిన వాళ్లలో ఒక్కరూ ఆమె గురించి సరిగ్గా చెప్పలేదు. ఎంత ఓర్పు గల తల్లో అన్నాడు ఒకాయన. మా అమ్మకు ఓర్పా! పుండు మీద పేడ రాసుకుని వచ్చిన మనిషిని ఆసుపత్రి గేటు దాకా తిట్టుకుంటూ పోయి, మళ్లీ తానే చెయ్యి పట్టి లాక్కొచ్చి కట్టు కట్టిన మనిషి ఆమె. ఎప్పుడూ నవ్వుముఖమే అని ఇంకొకామె కళ్లు ఒత్తుకుంది. ఆ నవ్వు కన్నకూతురినైన నాకెప్పుడు కనబడిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మాది ఓర్వకల్లు దగ్గర ఊరు. నాన్న కలరాతో పోతే అమ్మ నన్ను చంకన వేసుకుని కర్నూలు మిషన్ ఆసుపత్రిలో చేరి నర్సు పని నేర్చుకుంది. మొదటి జర్మనీ యుద్ధంలో బస్రా నుంచి ఓడల్లో గాయపడిన సిపాయీలను బొంబాయికి దించుతుంటే, అక్కడి మిలిటరీ ఆసుపత్రికి నర్సులు కావాలన్నారు. నన్ను అవ్వ దగ్గర వదిలి పోయింది. యుద్ధం ముగిసేవేళకు తిరిగొచ్చింది. ఆమె వెనకాలే బొంబాయి జ్వరం, అదే ఇన్‌ఫ్లుయెంజా, కూడా ఊళ్లోకి వచ్చింది. ఆమే తెచ్చిందన్నారు. అన్నవాళ్లే మంచాన పడ్డాక కబురు పెట్టారు. ఆమె వెళ్లింది. నేనైతే వెళ్లేదాన్ని కాదు.

అమ్మ జ్వరం ఇళ్ల నుంచి వస్తే నేను పరిగెత్తుకుంటూ ఎదురుపోయేదాన్ని. "అంటు! దూరంగా ఉండు!" అని అరిచేది. నేను బిక్కచచ్చి దడి పక్కన నిలబడేదాన్ని. ఆమె వేడినీళ్లతో మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని, చీర మార్చుకుని, అప్పుడు నన్ను ఒళ్లోకి తీసుకునేది. తీసుకుంటే ఇక దించేది కాదు. అన్నం కూడా అట్లాగే తినేది, నా నోట్లో ఒక ముద్ద, తన నోట్లో ఒకటి. ఒళ్లంతా మందునీళ్ల వాసన. నాకు అమ్మ వాసనంటే అదే.

మన భాషలో ఇదొక ముదనష్టపు మాట. రోగం ఒకరి నుంచి ఒకరికి పాకితే అంటు. అంటరానివాళ్లమని మమ్మల్ని వాకిలి దాటనివ్వకపోతే అదీ అంటు. రెంటికీ ఒకటే మాట పెట్టిన పెద్దలు ఏ కులం వాళ్లో నేను చెప్పనక్కర్లేదు.

కూడిక చివర మద్దిలేటి రెడ్డి లేచాడు. ఊళ్లో సగం చేన్లు వాళ్లవే. మా పందిట్లోకి తన ఇంటి కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. ముప్పై కూడా నిండని వాడు, మాట మాత్రం పెద్దరికంగా ఉంటుంది. వాళ్లమ్మ కృష్ణవేణమ్మ పందిరి బయట గూడుబండిలోనే ఉండిపోయింది.

"సువార్తమ్మ లాంటి మనిషి ఈ కాలంలో దొరకదప్పా," అన్నాడు. "ఎంత చదివినా, బొంబాయి చూసొచ్చినా, తన హద్దు తనకు తెలుసు. మా ఇంటికొస్తే వాకిట్లోనే చేతులు కడుక్కొనేది. పోయేటప్పుడు గూడా కడుక్కొనేది. ఒకరు చెప్పే పనే లే. అంత నిష్ఠగా అంటు పాటించినోళ్లను నేను యాడా చూడలే. అందుకే కడప నుంచి నల్లబండ తెప్పించినా. ఆయమ్మ సమాధి మీద నిలబెడదాం."

రాళ్లు చెక్కే ఏసేపు ఆ బండ మీద సుద్దతో అప్పటికే అక్షరాలు రాసి, ఉలి చేతబట్టుకుని ఉన్నాడు. 'హద్దెరిగి అంటు పాటించిన సువార్తమ్మ' అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది ఒకసారి రాతికెక్కితే ఇంకెవరు చెరపగలరు? నా తర్వాత వచ్చేవాళ్లు మా అమ్మ గురించి చదివేది ఇదొక్కటే.

లేవబోతుంటే మా పాస్టరు లాజరు అయ్యగారు చెయ్యి పట్టుకున్నారు. "ఊరుకో కరుణమ్మా. రెడ్డి మంచిమాటే కదా చెప్తాండేది."

చెయ్యి విడిపించుకుని లేచాను. "రెడ్డీ, మా అమ్మ చేతులు కడుక్కునింది మీ ఇల్లు మైలపడుతుందని కాదు. మీ ఇంట్లో రోగముండాదని."

"అదే కదమ్మా నేననేది," అన్నాడు రెడ్డి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు. "అంటు పాటించింది."

"ఆ అంటు కాదు!"

"మరి ఏ అంటు?"

పందిట్లో ఎవరో నవ్వారు. కర్నూలు బడిలో ఇంతమంది పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని, నాకు ఇంకొక మాట దొరకలేదు. ఏడిస్తే అమ్మ కోసం ఏడుస్తోందనుకుంటారు, అది ఇంకా కోపం.

"మీదే అంటు," అన్నాను. "మిమ్మల్ని ముట్టుకున్న చేతులతో నన్ను ముట్టుకోకూడదని కడుక్కునింది. మీరే అంటు రెడ్డీ."

లాజరు అయ్యగారు ప్రార్థన చేద్దామంటూ కళ్లు మూసేసుకున్నారు. రెడ్డి ముఖం కందగడ్డయింది. "ఏసేపూ, చెక్కరా! ఏమి చూస్తాండావు?" అని అరిచాడు.

అప్పుడు కృష్ణవేణమ్మ బండి దిగింది. కొంగు సర్దుకుంటూ పందిరి నడుమకు వచ్చి నిలబడింది.

"చెక్కొద్దురా," అంది. "మద్దిలేటీ, నువ్వు పుట్నప్పుడు ఏడ్వలే. ఒళ్లంతా నీలమై ఉండావు. మంత్రసాని ఇంక లాభం లేదని లేసిపాయ. సువార్తమ్మ నిన్ను అందుకొని, నీ నోట్లో నోరు పెట్టి ఊదె. తుడిసె, మళ్లా ఊదె. అప్పుడు ఏడిస్తివి. అంటు పాటించింటే నువ్వు యాడుంటివిరా?"

ఈ సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"చెప్తే వీనికి పిల్లనెవరు ఇస్తురు?" అంది ఆమె, నా వైపు చూడకుండా. "నేనే ఆయమ్మ చేత వాళ్ల దేవుని మీద ప్రమాణం చేయించుకొంటి."

మా అమ్మ ప్రమాణం తప్పే మనిషి కాదు. ఆ సంగతి ఈమెకు బాగా తెలుసు, బాగా వాడుకుంది. బిడ్డకు పిల్లా దొరికింది, పొలాలూ దక్కాయి. మా అమ్మకు మాత్రం హద్దెరిగిన మనిషని పేరు మిగిలింది. కృతజ్ఞత చెప్పాలో, ఆ ముసలామెను పట్టుకుని కుదిపేయాలో నాకు తెలియలేదు. ఏసేపు ఉలి కింద పెట్టేశాడు.

మద్దిలేటి రెడ్డి అందరూ చూస్తుండగానే, తనకు తెలియకుండానే, భుజం మీది కండువా తీసి నోరు తుడుచుకున్నాడు.