పొడిగా రుద్దిన రాయి

మా ఆయన హైచువాన్ చెక్కిన పాలరాతి కోటు ఇప్పుడు బీజింగ్ ప్రదర్శనశాలలో మేకుకు వేలాడుతోంది. మోచేతి దగ్గర చిరుగు, అందులోంచి తొంగిచూసే దూది, అంతా రాయే. చూసేవాళ్లు జేబులో చెయ్యి పెట్టబోయి సిగ్గుపడి వెనక్కి తీసుకుంటారు. కింద పలక మీద మాత్రం రువాన్ మాస్టారి పేరుంది. ఒంటరిగా, తన చేతులతో చెక్కానని రాసుకున్నాడు.

ఊహ మాస్టారిదే, నేను కాదనను. కానీ ఆయన ఉలి పట్టుకుంటే ముందు తెగేది ఆయన వేలే. చెక్కింది మా ఊరు చూయాంగ్‌లో, ఆయన అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో.

నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. కానీ తడిసిన రాయి రంగు మారుతుంది, మడతల్లో నీడ తెలియదు. అందుకే రాయి గుడ్డలా కనబడాలంటే పొడిగానే రుద్దుతారు మా ఊళ్లో. ఆ దుమ్మంతా హైచువాన్ ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు మంచం దిగి గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు ఆగుతాడు. పని వల్ల వచ్చిన జబ్బని తేలితేనే వైద్యానికి డబ్బు వస్తుంది. అలా తేలాలంటే పని ఇచ్చినవాడి కాగితం కావాలి.

బస్సెక్కి వెళ్లి అడిగాను.

"మీ ఆయన చెక్కాడని రాసిస్తే నా పరువేం కావాలి వదినా?" అన్నాడు రువాన్.

"మా ఆయన ఊపిరి ఏమైపోయినా ఫరవాలేదా మరి?"

టీ కప్పు పక్కకు జరిపి కాగితం తీశాడు. రాసి ఎర్ర ముద్ర వేశాడు. హైచువాన్ పదకొండేళ్లు షెడ్డు ఊడ్చాడట. అతను తప్ప అక్కడ పనివాళ్లెవరూ లేరట.

"ఊడ్చేవాడికీ దుమ్మే కదా, ఆసుపత్రివాళ్లు ఒప్పుకుంటారు. అతను కూడా సంతకం పెట్టాలి. మళ్లీ ఇంకో కాగితమంటూ రావద్దు," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. అయినా ఆ కాగితం నలగకుండా ఇంటికి తెచ్చాను.

హైచువాన్ చదివి నవ్వబోయి దగ్గాడు. "నేను ఊడ్చేవాడినా? చీపురు ఎటు పట్టుకోవాలో కూడా తెలీదే నాకు."

"నోరు మూసుకుని సంతకం పెట్టు ముసలోడా. పేరు కావాలా, ఊపిరి కావాలా నీకు?"

పెన్ను తీసుకున్నాడు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు.

"ఆ షెడ్డు ఊడ్చింది నువ్వు కదే. పదకొండేళ్లూ నువ్వే."

కాగితం ఇంకాస్త అతని ముందుకు జరిపాను.

"ఇంకెవరూ లేరని నేనే సంతకం పెడితే, రేపు నీకు కాగితం ఎవడిస్తాడు?"

"నాకేమైందిప్పుడు? దుక్కలా ఉన్నాను."

"తెల్లారగట్ల కుళాయి విప్పుకుని దగ్గుతావు. నాకు వినపడదనుకున్నావా?"

నాకు భయమేసింది. కుళాయి చప్పుడులో కలిసిపోతుందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అతను పెన్ను కింద పెట్టేశాడు. నేను తీసి మళ్లీ అతని వేళ్ల మధ్య ఇరికించి, పైనుంచి నా చెయ్యి బిగించి సంతకం పెట్టించాను. చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. లాక్కునేంత ఊపిరి లేదు.