లాలాబీ కొలత

మేకుకు వేలాడుతున్న దూదేకే విల్లును దించి, నరం మీద బొటనవేలు ఆనించగానే పీరాసాబుకు ఒళ్ళు మండిపోయింది. నరం వదులైంది. పలక సందులో కొత్త దూది ఇరుక్కుని ఉంది. తను మంచం దిగక వారమైంది, మరి దీన్ని ఎవరు వాడినట్టు?

"ఎవురు ముట్టుకున్నారు దీన్ని?"

పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్న భార్య లాలాబీ తల తిప్పలేదు. "ఇంట్లో ఇంగెవురున్నారు? నేనే."

"మా నాయిన విల్లు నువ్వు ముట్టుకుంటావా?"

"ఎమ్మిగనూరు హంపమ్మకు పరుపు దూది ఏకిస్తానని మాటిచ్చినావు. ఇచ్చి, మంచం మీద పడుకోని దగ్గుతాండావు. దూది దానంతటదే ఏకుకుంటాదా?"

పీరాసాబు ఇంకా గట్టిగా అరిచాడు. అరుపు సగంలో దగ్గు తెర వచ్చి గోడ పట్టుకోవలసి వచ్చింది. దగ్గు మీద కూడా కోపం వచ్చిందాయనకు.

ఆ కోపం ఆదోని దూదేకులవాళ్ళందరికీ తెలిసిందే. మసీదులో "ఉర్దూ రాని సాయిబు" అని నవ్వేవాళ్ళ మీద కోపం. అరుగు మీద "సాయిబూ, కొంచెం అట్ల జరుగు" అనేవాళ్ళ మీద కోపం. డెబ్బై తొమ్మిదిలో బజారులో కరెంటుతో దూదేకే మిషను పెడితే దాని మీదా కోపమే. ఊరి నిండా పత్తి మిల్లులు, లారీల నిండా పత్తి, తన రొమ్ము నిండా అదే పత్తి దుమ్ము. దూది పని మానుకోమన్న డాక్టరును "మానుకోని యాం తినాల, నీ మాత్రలా?" అని అడిగి, మాత్రలు అక్కడే వదిలేసి వచ్చాడు.

ఏకడమే కాదు, విల్లు చెయ్యడం కూడా తండ్రి దగ్గర నేర్చాడు. మనిషి ఎత్తు టేకు దండె, కింది కొసన వెడల్పు పలక, పై కొసన వంపు తిరిగిన మెడ, ఆ రెండింటి మధ్య బిగించిన మేక నరం. ఎడమచేత్తో దండెను గాలిలో నిలిపి, కుడిచేతి కొట్టుడు కర్రతో నరాన్ని కొడితే అణిగిన దూది లేచి విచ్చుకుంటుంది. దండె మీద పిడికిలికి గుడ్డ చుట్టే పట్టు ఎక్కడ పెట్టాలన్నదే పనంతా. వేలెడు అటైతే పలక లాగుతుంది, ఇటైతే మెడ వాలుతుంది, సాయంత్రానికి భుజం ఊడొస్తుంది. ఆలూరు నుంచీ, సి.బెళగల్ నుంచీ వచ్చి విల్లు చేయించుకున్నవాళ్ళు నొప్పని తిరిగొస్తే, "రోగం నీ భుజంలో ఉంది, నా విల్లులో కాదు" అని తరిమేవాడు. ఎవరికి చేసినా ఆయనకు ఒకటే కొలత, తన చెయ్యి.

లాలాబీ రొట్టె పళ్ళెం ముందుకు తోసింది. కొంగు జారితే ఎడమ భుజం కనిపించింది. తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"నాకొక విల్లు చెయ్యి," అంది.

"ఆడిదానికి విల్లా? భుజానేసుకోని వీధులెంట తిరుగుతావా? నలుగురూ నా మొగాన ఉమ్మెయ్యాలనా?"

"నిన్న యూసుపు ఏమన్నాడో మర్సిపోయినావా?"

ఎట్లా మరిచిపోతాడు? తమ్ముడు యూసుఫ్ సాబు నిన్న మంచం పక్కన కూర్చుని ఎంతో నెమ్మదిగా చెప్పాడు. పిల్లలు లేని ఇల్లు కాబట్టి అన్న తరవాత విల్లు తమ్ముడిదే, ఆ విల్లు తిరిగే వీధులూ తమ్ముడివే. తండ్రి విల్లు ఎవరి చేతిలో ఉంటే దూదేకే వీధులు వాళ్ళవి, వాళ్ళలో అది పద్ధతి. "వదిన గురించి దిగులొద్దన్నా. మా ఇంట్లో వంట చేసుకోని ఒక మూల పడుంటాది" అన్నాడు. పడుంటాదట! లాలాబీ చేతి రొట్టె తిని మీసం మొలిచిన వెధవ, లాలాబీని పడుంటాది అంటాడా?

"కొత్తది చేసిస్తే మాత్రం?" అన్నాడు పీరాసాబు. "నేను పోయిన మర్నాడు దాన్ని గూడా ఎత్తుకపోతాడు వాడు."

రొట్టె ముట్టుకోలేదు. ఆమె భుజం వైపు మరోసారి చూశాడు. లేచి, విల్లు నరం విప్పి, పలక ఊడదీసి, రంపం తీసుకుని తండ్రి చేసిన దండెను కోయడం మొదలుపెట్టాడు.

లాలాబీ పరుగున వచ్చింది. "నాకియ్యడానికి మనసొప్పక కోసేస్తాండావా?"

"గమ్మునుండు. ఈడ కూచోని చెయ్యి చాపు."

దారంతో ఆమె మోచేతి నుంచి పిడికిలి దాకా కొలిచాడు. కూర్చున్నప్పుడు భుజానికీ నేలకూ మధ్య కొలిచాడు. మూరెడు కొయ్య తెగి పడింది. "ఇంగ ఇది మొగోడి చేతిలో నిలవదు. ఎత్తుకపోనీ, సూస్తా," అన్నాడు.

పలకను బాడిశతో చెక్కి తేలిక చేశాడు. మెడ వంపు ఆమె మోకాలికి తగలకుండా లోపలికి తిప్పాడు. చెక్కినప్పుడల్లా ఎత్తి చూడమన్నాడు, ఎత్తినప్పుడల్లా తిట్టాడు. "మోచెయ్యి దించే. ఎద్దును పట్టుకున్నట్టు పట్టుకుంటారా విల్లును?" అలవాటు చొప్పున తనకు నచ్చిన చోట పట్టు కట్టాడు. మెడ వాలిపోయింది. ఆమెను తిట్టి, విప్పి, ఇంకోచోట కట్టాడు. ఈసారి పలక లాగింది. తిట్టడానికి ఊపిరి చాలలేదు. కాసేపు రొప్పి, ఏ మనిషినీ ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"యాడ నొస్తాంది?"

ఆమె వేలితో చూపించింది. అక్కణ్ణుంచి బరువు తప్పించి, పట్టును రెండు వేళ్ళు కిందికి జరిపాడు. విల్లు ఆమె చేతిలో తిన్నగా నిలిచింది. పీరాసాబు దాన్ని చాలాసేపు చూశాడు.

"ఆలూరోళ్ళను ఊరికే తిట్టినా," అన్నాడు, అదీ కోపంగానే.

మధ్యాహ్నం యూసుఫ్ వచ్చి, వాకిట్లో తెగిపడ్డ టేకు ముక్క చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అది నాయిన విల్లన్నా. నీ ఒక్కడిదా, కోసేదానికి?"

"నాయినకు సెప్పుకుంటాలే. నేను పొయ్యేది గూడా ఆడికే కదా," అన్నాడు పీరాసాబు. యూసుఫ్ వాకిలి దాటి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేవేళకు హంపమ్మ దూది ఇంకొంచెం మిగిలింది. లాలాబీ కొత్త విల్లుతో ఏకుతోంది. ఆయన ఆమె వెనకాల గోడకు ఆనుకుని కూర్చుని తిడుతున్నాడు.

"నడుమ కాదు, కింద కొట్టు. సేతకాకుంటే లెయ్."

ఆమె కింద కొట్టింది. నరం పాత విల్లు గొంతు కంటే సన్నంగా పలికింది. దూది లేచింది.

"ఇట్లనా?"

ఇంకోసారి కొట్టింది.

"ఇట్లనా, సెప్పు."

తిట్టు రాలేదు. కాపురానికి వచ్చినప్పటినుంచి అడిగినదానికి తిట్టు రాకపోవడం ఇదే మొదలు. ఆమె కొట్టుడు కర్ర కింద పెట్టింది. వెనక్కి తిరగడానికి భయమేసింది. తిరిగింది. ఆయన కళ్ళు ఆమె చేతి మీదే ఉన్నాయి, రొమ్ము మాత్రం కదలడం లేదు.

పీరాసాబు పోయిన మూడో రోజు, సమాధి దగ్గర చదివించే జియారత్ అయ్యాక యూసుఫ్ విల్లు కోసం వచ్చాడు. లాలాబీ అడ్డు చెప్పలేదు. ఏడుపుతో మొహం వాచి ఉంది, ఏడుపు కంటే ఎక్కువ కోపం ఉంది. అతను చాపమీద కూర్చుని ఎడమచేత్తో విల్లు ఎత్తి కొట్టాడు. మెడ వాలి నరం నేలకు రాసుకుంది. చెయ్యి జరిపి మళ్ళీ కొట్టాడు. ఈసారి పలక ఎగిరి గడ్డానికి తగిలింది. మరోచోట పట్టుకుందామని చూశాడు. ఆ దండె మీద అతని పిడికిలికి చోటు లేదు.

"మొగోడు పట్టే విల్లేనా ఇది?" అన్నాడు విసుగ్గా.

"కాదు," అంది లాలాబీ.

యూసుఫ్ గడ్డం రుద్దుకుంటూ లేచి వెళ్ళిపోయాడు. విల్లు గోడకు ఆనుకుని ఉండిపోయింది, గుడ్డ చుట్టిన పట్టు ఆమె చెయ్యి అందేంత ఎత్తులో.