రోహిణి కార్తెలో లేచిన బిరడా

నేను ఒక బిరడాని. సీసా గొంతులో కూర్చోవడమే నా ఉద్యోగం. లోపలి వైను బయటికి పోకూడదు, బయటి గాలి లోపలికి రాకూడదు. ఇంతకుమించి నాకు చదువు లేదు.

పుట్టింది పోర్చుగల్‌లో. అక్కడ ఒక జాతి చెట్టుకు తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు. చెట్టు చావదు, ఓపిగ్గా మళ్లీ కట్టుకుంటుంది. అలా ఒలిచిన బెరడును ఉడికించి, ఆరబెట్టి, నన్ను గుండ్రంగా తొలిచారు. కొండవాలులో ఉన్న ఒక చిన్న తోటలో ఎర్ర వైను నింపిన సీసాలోకి దించి, నెత్తిన రేకు తొడిగారు.

ఆ తోటకు విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. పేరు సన్యాసిరావు. ఆ పేరు పెట్టుకుని వైను దిగుమతి చేసే మనిషిని ఎలా నమ్మడం? పైగా నోట్లో పోసుకున్న ప్రతి గుక్కా పుక్కిలించి బకెట్లో ఉమ్మేశాడు. తోట యజమానురాలు ధర చెప్పబోతే చెయ్యి అడ్డుపెట్టి, సరుకు ఏ కంటైనరులో వస్తుందని దుబాసీ చేత అడిగించాడు. మామూలుది చవక. లోపల చల్లగా ఉంచేదానికి కిరాయి చాలా ఎక్కువ. ఆయన రెండోదే కావాలన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది.

వైనుకు ఎండ పడదు. వేడెక్కితే ఉబ్బి నన్ను పైకి నెడుతుంది. అందుకే సన్యాసిరావు వచ్చిన ప్రతి పెట్టెలోంచి సీసాలు తీసి, రేకు మీద బొటనవేలితో తడిమి చూసేవాడు. వేలికి బొడిపె తగిలిందా, ఆ పెట్టె గుమ్మం దాటేది కాదు. ఆ విద్యనే బీచిరోడ్డు హోటలుకు వైను కొనే ఎస్తేరుకు నేర్పాడు.

"సీసా ముందు చీటీ పెళ్లిచూపులమ్మా, పౌడరు రాసుకునే కూర్చుంటాది. ఎనక చీటీ సూడు. ఎవరు తెచ్చారో అక్కడుంటాది. ఆడి గురించి వాకబు చెయ్యి. ఎలా తెచ్చాడు, ఎక్కడ దాచాడు, పాడైతే ఎనక్కి తీసుకుంటాడా, అడుగు" అనేవాడు.

ఎస్తేరు అందరినీ అడిగింది. చివరికి ఆయన దగ్గరే స్థిరపడింది. హోటలుకు కొత్తగా వచ్చిన మేనేజరుకు ఇది నచ్చలేదు. పెద్ద కంపెనీలు తక్కువకు ఇస్తుంటే ఈ చిన్న వ్యాపారి దగ్గరే ఎందుకని నిలదీశాడు. "ఈయన సరుకులో తేడా వస్తే కొనుగోళ్ల పని నాకొద్దు సార్, ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి" అంది ఎస్తేరు. అయితే హోటలు యజమానులకు ఇచ్చే విందులో ముందుగా మా వైనే పోసి చూడాలని ఇద్దరూ తేల్చుకున్నారు.

మేము ఓడ దిగే సరికి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, అదే. తనిఖీ వాళ్లు రెండు మూడు సీసాలు పరీక్షకు పట్టుకెళ్లారు. సుంకం కట్టారు. మా వీపుల మీద సన్యాసిరావు పేరూ చిరునామా ఉన్న చీటీలు అంటించారు. అన్నాళ్లూ రేవులో కరెంటు మీద కంటైనరు చల్లగానే ఉంది. తర్వాత లారీ ఎక్కించి గాజువాక దగ్గర ఆయన కొత్తగా కట్టిన ఏసీ గోదాముకు తీసుకొచ్చారు.

గోదాము గుమ్మం ముందు లారీ ఆగిపోయింది. ఆ రోజు అమావాస్య.

గోదాములో సగం వాటా సన్యాసిరావు భార్యకు అన్నగారైన అప్పలనరసయ్యది. ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఏటి బావా, కొత్త గోదాములోకి తొలి సరుకు అమావాస్య నాడు దింపుతావా? రేపు మంగళారం, అదీ పనికిరాదు. బుధారం రాహుకాలం దాటాక దింపుదాం."

డ్రైవరు సెల్వం తమిళుడు. "మా ఊర్లో అమావాస్య మంచి రోజు సార్, బండి కొన్నా ఆ రోజే" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. లారీ మీది జనరేటరులో డీజిలు అడుగంటుతోందని చెప్పాడు. గోదాములోంచి కరెంటు తీగ ఇవ్వమని అడిగాడు. తీగ ఇవ్వాలంటే తలుపు తియ్యాలి. తలుపు తియ్యడానికే కదా ముహూర్తం.

"కంటైనరు తలుపు మూసే ఉంది కదా, సల్లదనం ఎక్కడికి పోద్ది?" అన్నాడు అప్పలనరసయ్య.

సన్యాసిరావుకు తెలుసు, పోతుందని. అయినా బావగారి ముఖం చూసి, లారీ పక్కకు పెట్టమని సెల్వానికి సైగ చేశాడు. పోర్చుగల్ దాకా వెళ్లి అంత దర్జాగా మాట్లాడిన మనిషికి, సొంత గుమ్మంలో ఒక్క మాట పెగల్లేదు.

మంగళవారం డబ్బు బయటికి తియ్యకూడదని అప్పలనరసయ్య డీజిలు కొననివ్వలేదు. పొద్దెక్కాక జనరేటరు ఆగిపోయింది. ఆ ఇనుప పెట్టెలో మేము ఉడికాం. కింద వైను ఉబ్బి తోస్తుంటే ఎంత బిగబట్టినా ఆగలేకపోయాను. నా ఒంటి పక్కనుంచి సన్నటి ఎర్ర చార పైకి పాకింది. రేకును నెట్టుకుంటూ గోరంత లేచాను. నాకు నోరు లేదు కాబట్టి, నేను చెప్పగలిగిన మాట అదొక్కటే.

బుధవారం గుమ్మానికి మామిడాకులు కట్టి, గుమ్మడికాయ కొట్టి, మమ్మల్ని శుభంగా లోపలికి తెచ్చారు. సన్యాసిరావు మొదట తీసింది నా సీసానే. బొటనవేలు నా నెత్తిన ఆగింది. ఇంకో సీసా తీశాడు, ఇంకోటి తీశాడు. గోడకు చేరబడి కూర్చుండిపోయాడు.

"ఎస్తేరమ్మకు ఏటని సెప్పను బావగారూ? ఎండలో ఎందుకుంచారంటే, అమావాస్యని సెప్పనా? నవ్వదూ?"

"నొక్కితే దిగిపోద్ది కదా" అన్నాడు అప్పలనరసయ్య.

నష్టానికి భయపడి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. ఆయన భయపడింది ఒక నవ్వుకు. తడిమి చూసే ఆ బొటనవేలితోనే నన్ను లోపలికి నొక్కి, రేకు చదును చేశాడు.

విందుకు వెళ్లిన పెట్టెలో నేనున్నాను. ఎస్తేరు మిగతా వ్యాపారుల సీసాలన్నీ రేకు పొడవునా తడిమి, వెలుగులో తిప్పి చూసింది. నన్ను మాత్రం వెనక చీటీ చదివి, అలాగే బల్ల మీద పెట్టింది. సన్యాసిరావు గారి సరుకు మరి.

యజమానుల ముందు నన్ను లాగింది. ఆనవాయితీగా వాసన చూసింది. ఉడకబెట్టిన పండ్ల వాసన. నా ఒంటి మీది ఎర్ర చారను చూసింది. అప్పటికే మేనేజరు గ్లాసులో పోయించుకుని, ఒక గుక్క తాగి, గ్లాసు పక్కకు జరిపాడు. మర్నాటి నుంచి ఎస్తేరు పని పెళ్లి భోజనాల హాలులో కుర్చీలు లెక్క చూసుకోవడం.

ఆమె నన్ను రుమాలులో చుట్టి గోదాముకు తెచ్చింది. గుమ్మానికి మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. సన్యాసిరావు బల్ల మీద నన్ను పెట్టింది.

"అందరి సీసాలూ తడిమి చూశాను సార్. మీవి చూడలేదు."

ఆయన నా ఒంటి మీది ఎర్ర చారను వేలితో తుడుస్తూ, "అమావాస్యని ఆగామమ్మా" అన్నాడు.

ఎస్తేరు నవ్వలేదు. తల ఊపి, రుమాలు మడుచుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఆయన ఏ తోటకూ వెళ్లలేదు. గోదాము ఎవరికో అద్దెకిచ్చారు, ఇప్పుడు అక్కడ సిమెంటు బస్తాలున్నాయి. నేను ఆయన ఇంట్లో, కిటికీ గట్టు మీద, కళ్లజోడు పక్కన ఉంటున్నాను. నా సీసా లేదు, నేను ఆపవలసింది ఏదీ లేదు. సాయంత్రాలు ఆయన నన్ను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నా తల మీద మెల్లగా తడుముతూ కూర్చుంటాడు.